ఖాళీ ఉన్న పేరు

నేను రాసిన ప్రోగ్రాముల్లో ఎక్కువమందికి ఉపయోగపడింది పదకొండు వరుసలది. పలాస రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో ఒక రక్తపరీక్షల ల్యాబులో కిటికీ పక్కన కూర్చుని రాశాను. రెండువేల మూడో, నాలుగో సంవత్సరం. అందులో ఒక తప్పు ఉంది. ఆ తప్పు వల్ల దెబ్బతిన్నది ఒకే ఒక్క మనిషి, మా అప్ప. మా వైపు అక్కను అప్ప అంటాం. ఆమె ఇప్పుడు లేదు. ఏడుపు కోసం ఇది రాయడం లేదు, అది రావడం మానేసి చాలా కాలమైంది. ఆ తప్పేమిటో కంప్యూటరు తెలియనివాళ్లకు కూడా చెప్పవచ్చు. అంత చిన్నది. అందుకే రాస్తున్నాను.

మాది కంచిలి దగ్గర ఊరు. అప్ప నాకన్నా ఎనిమిదేళ్లు పెద్ద. అమ్మ తోట పనికి వెళ్తే నన్ను చంకనేసుకుని తిరిగింది తనేనని ఊరంతా చెప్పేవారు. నేను విసుక్కునేదాన్ని. పెళ్లయ్యాక కూడా అదే ఊళ్లో, మా వీధిలోనే ఉండేది. బావ ఒరిస్సా వైపు పనులకు వెళ్లి నెలకోసారి వచ్చేవాడు. అప్ప జీడిపిక్కల షెడ్డులో పప్పు మీది పొట్టు తీసే పని చేసేది. పొద్దున్న కూర్చుంటే సాయంత్రానికే లేవడం. పొట్టు తీసేటప్పుడు పప్పు విరగకూడదు. విరగనిది గుండు, రెండుగా విడిపోయింది బద్ద. గుండుకున్న విలువ బద్దకు లేదు. ఎవరైనా కొత్త పిల్ల పనిలో చేరితే అప్ప ఒకటే చెప్పేది.

"సేతిలో గుండుగానే ఉంటాది. పల్లెంలో ఇసిరితే బద్దయిపోతాది. ఇసరకు, పెట్టు."

నేను డిగ్రీ అయ్యాక టెక్కలిలో కంప్యూటర్ కోర్సులో చేరాను. చేర్చింది అప్పే. అక్కడ మాస్టారు యూనిక్స్ చెప్పేవారు. కంప్యూటరు ముందు కూర్చుని మనం ఒక ఆజ్ఞ టైపు చేస్తే, దాన్ని చదివి, అర్థం చేసుకుని, ఎవరు చెయ్యాల్సిన పని వాళ్లకు అప్పజెప్పేదాన్ని షెల్ అంటారు. అలాంటి ఆజ్ఞలు వరుసగా ఒక కాగితం మీద రాసి ఇచ్చినట్టు ఫైల్లో రాసి ఇస్తే అదే షెల్ స్క్రిప్టు. ఇంత వరకూ మాస్టారు బాగా చెప్పారు. ఒకరోజు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశారు, ఫైలు పేర్లలో ఖాళీ పెట్టకండి అని. రెండు మాటలుంటే మధ్యలో కింద గీత, అంటే అండర్‌స్కోర్, పెట్టి కలపమన్నారు. ఎందుకు సార్ అని అడిగాను. "పెట్టకండంతే" అన్నారు. ఆయనకూ తెలియదేమో. నేను రాసుకున్నాను, పరీక్షలో కూడా రాశాను, మార్కులు వచ్చాయి.

కోర్సు అయ్యాక పలాస ల్యాబులో చేరాను. ఓనరు మంచివాడే, కాకపోతే ఉచితం అన్న మాట చెవినబడితే ఆగలేడు. ఏదో పత్రికతో పాటు వచ్చిన లినక్స్ సీడీ ఉచితమని తెలిసి ల్యాబులో రెండు కంప్యూటర్లకూ అదే వేయించాడు. అది మా మాస్టారు చెప్పిన యూనిక్స్ లాంటిదే, నడపడం వచ్చింది నాకొక్కదానికే. ఆ విషయం ఊళ్లో తెలిసి అప్ప నన్ను "ఏటే కంప్యూటరూ, ఎప్పుడొచ్చినావు?" అని పిలవడం మొదలుపెట్టింది. నాకు లోపల గొప్పగానే ఉండేది.

మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీలు పోతున్నాయన్న సంగతి అప్పటికే ఊరూరా తెలుసు. ఎందుకో తెలియదు. నీళ్లన్నారు, మందులన్నారు, ఎండలో పని అన్నారు. ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు ఊళ్లలో శిబిరాలు పెట్టి రక్తం తీయించారు. పరీక్షలు మా ల్యాబుకు అప్పగించారు. ఒక్కో మనిషికి ఒక్కో ఫైలు. ఫైలు పేరే మనిషి పేరు. ఫైల్లో మొదటి వరుసలో కిడ్నీల పరిస్థితి చెప్పే ఒక సంఖ్య. ఆ సంఖ్య హద్దు దాటితే ఆ మనిషికి ఒక కాయితం వెళ్లాలి, రెండో పరీక్షకు పలాస రమ్మని. హద్దు లోపల ఉంటే ఏ కాయితమూ వెళ్లదు. అందరికీ రాసి పంపేంత ఓపిక ఎవరికీ లేదు. మా ఊరి శిబిరంలో ఆ సంగతి మైకులో చెప్పింది నేనే, మా ఊరు కాబట్టి.

"కాయితం వత్తే పలాస రండి. రాకపోతే మీకేటీ నేదు."

జనం సంతోషంగా తలూపారు. తర్వాత ఆలోచిస్తే షెల్ కూడా అంతే. పని సవ్యంగా జరిగితే ఒక్క ముక్క మాట్లాడదు. ఏమీ రాలేదంటే అంతా బాగున్నట్టే. ఈ పద్ధతి మీద నాకప్పుడు ఎంత నమ్మకమో.

ఆరోజు పేర్లు రాసే బల్ల దగ్గర కూర్చున్నాను. మా ఊళ్లో సగం మందిది ఒకే ఇంటిపేరు. పేర్లు కూడా అమ్మవారి పేరో, తాతమ్మల పేరో, అవే తిరుగుతుంటాయి. ఒకే ఇంటిపేరూ ఒకే పేరూ ఉన్న ఆడవాళ్లు వస్తే పక్కన ఒకటి, రెండు అని అంకెలు వేయాలని నేనే నియమం పెట్టాను. అప్ప వచ్చేసరికి ఆ పేరుతో ఇద్దరు అయిపోయారు. అప్ప మూడో మనిషి. ముంజేతి మీద జీడి సొన మచ్చలున్న చెయ్యి బల్ల మీద పెట్టి, సూది చూసి మొహం అటు తిప్పుకుంది.

నాకు మా అప్పను మూడో నంబరు చెయ్యబుద్ధి కాలేదు.

ట్యూబు మీద ఇంటిపేరు, పేరు రాసి, పక్కన అప్ప అని రాశాను. పలాస వెళ్లాక ఫైలు కూడా అలాగే చేశాను. ఇంటిపేరుకీ పేరుకీ మధ్య కింద గీత పెట్టాను, అలవాటు కొద్దీ. పేరుకీ అప్పకీ మధ్య పెట్టలేదు. ఖాళీ వదిలాను. గీత పెట్టి కలిపితే అది కూడా పేరులో భాగమైపోయినట్టు అనిపించింది. విడిగా ఉంటే తెరమీద వందల పేర్ల మధ్య చటుక్కున కనబడుతుంది, ముందు మా అప్పది చూసుకోవచ్చు అనుకున్నాను. కంప్యూటరు ఏమీ అనలేదు. ఆ ఫైలు పేరు అలాగే తీసుకుంది.

ఇక స్క్రిప్టు. శిబిరం ఫైళ్లన్నీ ఒక అరలో, అంటే ఒక డైరెక్టరీలో, ఉన్నాయి. వాటి పేర్లు ఒక్కొక్కటే తీసుకుని, f అనే డబ్బాలో వేసుకుని, ఆ ఫైలు తెరిచి మొదటి వరుసలో సంఖ్య చూసి, హద్దు దాటితే ఆ ఫైలుకో నకలు పక్క అరలో పెట్టాలి. పక్క అరలో ఉన్నవాళ్లందరికీ ప్రింటర్ కాయితాలు కొడుతుంది. డబ్బాలో ఉన్నది బయటికి తియ్యాలంటే పేరు ముందు డాలర్ గుర్తు పెడతాం, $f అని. ముందు నాలుగైదు ఫైళ్లు మాత్రమే పెట్టి నడిపి చూసినప్పుడు తెరమీద ఒక ఫిర్యాదు వచ్చింది. పక్క అర కూడా అక్కడే ఉంది కదా, దాన్ని కూడా ఫైలనుకుని తెరవబోయి, ఇది ఫైలు కాదు అంది. దాంతో నష్టమేమీ లేదు. కానీ ఓనరు వెనక నుంచి చూశాడు.

"అదేటి, ఎర్రర్ వత్తంది? కౌంటర్ కాడ జనం సూత్తే ల్యాబు మీద నమ్మకం పోదేటి?"

ఒక్క చిన్న ముక్క చేరిస్తే ఫిర్యాదులు తెరమీదికి రాకుండా ఎక్కడో శూన్యంలోకి పోతాయి. చేర్చాను. ఆ తర్వాత స్క్రిప్టు ఎంత మర్యాదగా నడిచిందంటే ఓనరు భుజం తట్టాడు. జాబితా వచ్చింది. అందులో మా ఊరి పేర్లు చాలా ఉన్నాయి. అప్ప పేరే ఉన్నవాళ్లలో ఒకటో నంబరు ఉంది, రెండో నంబరు లేదు. అప్ప పేరు లేదు. పైనుంచి కిందికి రెండుసార్లు చదివాను. ఫైలు తెరిచి చూడలేదు. జాబితాలో లేదంటే లేదు కదా. నేను రాసిన జాబితా కదా.

ఊళ్లో కిరాణా కొట్టుకు ఫోన్ చేసి అప్పను పిలిపించాను. పరుగున వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది.

"నీ పేరు నేదు అప్పా. నీకేటీ నేదు."

"నేదా? ఓలమ్మ, బతికించినావు. మరుంటానే, అన్నం పొయ్యి మీదుంది."

అది పుష్యమాసపు చలి. వానలు మొదలయ్యేసరికి అప్ప పాదాలు ఉబ్బాయి. షెడ్డులో పొద్దల్లా కూర్చుని కూర్చుని అనుకున్నాం. ఆ మాట అన్నది నేనే. పరీక్షలో ఏమీ లేదు కదా అన్న ధీమా. తర్వాత అన్నం సయించడం మానేసింది. వాంతులు. బావ ఇంటికి వచ్చి ఉన్నాడు, టెక్కలిలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు, నన్నూ రమ్మన్నాడు. డాక్టరు రక్తం తీయించి, కాయితం చూసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఉద్దానం వాళ్లకు ఆ కళ్లజోడు తియ్యడం అంటే ఏమిటో తెలుసు. ఇంతకుముందు ఎప్పుడైనా చూపించారా అని అడిగాడు. చూపించాం, అప్పుడేమీ లేదు అన్నాను. అయితే ఆ పాత కాయితం పట్టుకురండి, ఎంత తొందరగా పెరిగిందో చూడాలి అన్నాడు.

మర్నాడు పదిన్నరకు ల్యాబులో కంప్యూటరు ముందు కూర్చుని ఆ శిబిరం అర తెరిచాను. నేను అనుకున్నట్టే అప్ప పేరు చటుక్కున కనబడింది. తెరిచాను. సంఖ్య హద్దు దాటి ఉంది. ఎంతో కాదు, కొంచెం.

అప్పుడు నాకేమీ అనిపించలేదు. ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం. పక్కనెవరో టీ పెట్టి వెళ్లారు, తాగాను. స్క్రిప్టు తెరిచి, ఫిర్యాదులు మింగేసే ఆ చిన్న ముక్క తీసేసి, మళ్లీ నడిపాను. పక్క అర గురించి పాత ఫిర్యాదు వచ్చింది. దాని కింద ఇంకో మూడు వరుసలు వచ్చాయి, ఇంగ్లీషులో. మొదటిది, అప్ప ఇంటిపేరూ పేరూ వేసి, అటువంటి ఫైలు లేదు అంది. మూడోది, సంఖ్యే లేనప్పుడు దేన్ని దేంతో పోల్చమంటావు అన్న అర్థంలో ఏదో గొణిగింది. మధ్యది ఇలా ఉంది. అప్ప: అటువంటి ఫైలు లేదు.

ఆ వరుస చాలాసేపు చూశాను. తర్వాత లినక్స్ పుస్తకం జిరాక్స్ కాపీ ఒకటుంటే తీసి చదివాను. మాస్టారు చెప్పని సంగతి అందులో రెండు పేజీల్లో ఉంది. డబ్బాలో పేరు పూర్తిగానే ఉంటుంది, ఖాళీతో సహా. అక్కడ తప్పేమీ లేదు. $f అనగానే షెల్ ముందు ఆ డబ్బాలో ఉన్నదాన్ని తెచ్చి ఆ వరుసలో పరుస్తుంది. అక్కడితో ఊరుకోదు. పరిచినదాంట్లో ఖాళీ ఎక్కడ కనబడితే అక్కడ తెంపుతుంది. తెంపిన ముక్కలు విడివిడి ఫైళ్లనుకుని, ఫైలు తెరిచే పనివాడికి అందిస్తుంది. పనివాడు ఇంటిపేరూ పేరూ ఉన్న ఫైలు కోసం వెతికాడు, లేదు. అప్ప అనే ఫైలు కోసం వెతికాడు, లేదు. రెండూ కలిసిన మనిషి అక్కడే ఉంది. ఆమె కోసం వెతకలేదు.

చేతిలో గుండే. పళ్లెంలో పడేసరికి బద్ద. మా అప్ప చదువుకోకుండా చెప్పిన మాట నేను కోర్సు చేసి వినలేదు.

తెంపకుండా ఉంచాలంటే చెయ్యాల్సింది ఒకటే. $f అని ఊరికే రాయకుండా, అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టి "$f" అని రాయాలి. అవి ఉంటే డబ్బాలోంచి వచ్చింది ఖాళీతో సహా ఒకే ముక్కగా వెళ్తుంది. $f ఉన్న ప్రతిచోటా అవి పెట్టాను. నిమిషం కూడా పట్టలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని సామెత ఉంది కదా, ఆ ఆకులు ఎంత దగ్గర్లో ఉన్నాయో ఆ సామెత చెప్పదు. ఇంకెవరి పేరులోనైనా ఖాళీ ఉందేమోనని వందల పేర్లూ చూశాను. ఒక్కటీ లేదు. నేను నేర్పితే ల్యాబులో మిగతా అమ్మాయిలు టైపు చేసినవన్నీ గీతలతో, అంకెలతో నేను పెట్టిన నియమం ప్రకారమే ఉన్నాయి. నియమం తప్పింది నేను. కంచే చేను మేసింది.

ఓనరుకు చెప్పాను, స్క్రిప్టులో తప్పుందని, ఒక పేరు తప్పిపోయిందని. ఎవరిదో చెప్పలేదు.

"ఒక్కటే గదా?" అన్నాడు.

"ఒక్కటేనండి" అన్నాను.

అతను మంచివాడేనని ముందే చెప్పాను. నేనైనా అదే అనేదాన్ని. పాత కాయితం ప్రింటు తీసుకెళ్లి టెక్కలి డాక్టరుకు ఇచ్చాను. అప్పుడే వచ్చుంటే మందులతో, తిండితో కొన్నేళ్లు నెట్టుకొచ్చేవాళ్లం అన్నాడు. ఎందుకు రాలేదు అని అడిగాడు. కాయితం రాలేదండి అన్నాను. అబద్ధం కాదు. ఆ మాట చెబుతున్నప్పుడు నా గొంతు ఎంత మామూలుగా ఉందో నాకే అసహ్యం వేసింది.

ఇంకో సంగతి. సరిచేసిన స్క్రిప్టు నడిపినప్పుడు అది తన పని తాను చేసింది. అప్ప ఫైలు నకలు పక్క అరలో పెట్టింది. ప్రింటర్ గరగరమంటూ పాతవాళ్ల కాయితాల మధ్య అచ్చు కాయితం ఇంకొకటి లాక్కుని, ఖాళీగా ఉన్న చోట అప్ప పేరు కొట్టి బయటికి తోసింది. చింపేద్దామనుకున్నాను. మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఆదివారం ఊరికెళ్లాను. అప్ప అరుగు మీద గోడకానుకుని కూర్చుని ఉంది. పాదాలు రెండూ గోనెపట్టా మీద చాపుకుంది. బావ మందులకు కంచిలి వెళ్లాడు. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. షెల్ గురించీ డబ్బా గురించీ కూడా చెప్పాను, ఎందుకో. మధ్యలో ఆపకుండా వింది. అంతా అయ్యాక అడిగింది.

"ఇంకెవులి పేరైనా అలాగ ఉండిపోనాదేటి?"

"నేదు. నీదొక్కటే."

"నాదే ఎందుకుండిపోనాది?"

"నీ పేరు పక్కన అప్ప అని రాసినాను. ఇడిగా రాసినాను."

అప్ప తన పాదాలకేసి చూసుకుంది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టాలని నాకు చాలా ఆశగా ఉండింది. మా అప్ప తిడితే వీధి చివర కుక్కలు కూడా లేచి వెళ్లిపోయేవి. గోనెపట్టా సర్దుకుంది. నాకు ఇంకేం చెయ్యాలో తెలియక సంచిలోంచి ఆ కాయితం తీసి ఇచ్చాను. కూడబలుక్కుంటూ చదివింది. మీ రక్తపరీక్షలో తేడా కనబడింది, పదిరోజుల్లోపు ఈ కాయితం పట్టుకుని పలాస రండి. పైన పేరు మాత్రం ఇంగ్లీషులో ఉంది.

"ఇక్కడేటి రాసుంది?"

"నీ పేరు."

"పక్కన?"

"అప్ప."

ఆ అక్షరాల మీద వేలు పెట్టి కాసేపు ఉంచింది. మడత పెట్టి కొంగున ముడేసుకుంది.

"పదిరోజుల్లోపు రమ్మన్నారు గదే. రేపెల్దాం."

"టెక్కలిలో సేసేసినారు గదా అప్పా, మల్లీ ఎందుకు?"

"కాయితం వత్తే రమ్మన్నావు గదా. వచ్చినాది. ఎల్దాం."

మర్నాడు పొద్దున్న పాసింజరుకు ఇద్దరం పలాస వెళ్లాం. ల్యాబులో కౌంటరు దగ్గర అప్పటికే నలుగురున్నారు. అప్ప వాళ్ల వెనక నిలబడింది. కుర్చీ వేస్తానంటే వద్దంది. తన వంతు వచ్చాక కొంగుముడి విప్పి, మడత సరిచేసి, రెండు చేతులతో ఓనరుకు ఇచ్చింది.

"నాకు కాయితం వచ్చినాది బాబూ."

ఓనరు కాయితం చదివాడు. పేరు చదివాడు. పేరు పక్కన మాట చదివాడు. ఆమె కాళ్లు చూశాడు. తర్వాత నావైపు చూశాడు. నేను కొత్త ట్యూబు తీసి పేరు రాయడానికి పెన్ను పట్టుకున్నాను. అన్నిచోట్లా గుర్తులు పెట్టేశాను, ఇక పేరులో ఎన్ని ఖాళీలున్నా ఏమీ కాదని నాకు తెలుసు. అప్ప బల్ల మీద చెయ్యి పెట్టి, సూది వైపు కాకుండా నేను ఏం రాస్తున్నానో అటే చూస్తోంది.

ఇంటిపేరు రాశాను, పేరు రాశాను. పక్కన మూడు అని వేశాను.